గూటిపిల్ల

గద్ద రెండు గుడ్లు పెడుతుంది. రెండూ ఒక్కసారి పగలవు. మొదటి పిల్ల బయటికొచ్చి, తల్లి చీల్చి పెట్టిన మాంసం నాలుగు రోజులు తిని, మెడ నిలబెట్టడం వచ్చాక రెండోది పుడుతుంది. చిన్నదాన్ని చంపడానికి ఆ నాలుగు రోజుల పెద్దరికం చాలు.

ఇది మా మామగారి నోట ఎన్నోసార్లు విన్నదే. చేతిలో పట్టు తప్పేదాకా గద్దలతో వేటాడుతూ బతికిన మనిషి ఆయన. ఆయన పేరు కోడలి నోట రాకూడదు కాబట్టి ఇక్కడా రాయను. అయితే వినడం వేరు, చూడడం వేరు. నేను చూసినప్పుడు నా కూతురు మెయిరాకి ఏడో నెల. వీపుకి కట్టుకుని ఉన్నాను.

కొండచరియలో గూడు కనిపెట్టింది నా భర్త తిలెక్. గుర్రాలు పట్టుకోవడానికి మనిషి కావాలని నన్ను తీసుకెళ్ళాడు. ఎదుటి బండ చాటున కూర్చుని మామగారి పాత దుర్భిణిలోంచి మధ్యాహ్నం దాకా చూశాం. గూట్లో ఘాటు వాసన వేసే అర్చా చెట్టు పచ్చి కొమ్మలు పరిచి ఉన్నాయి. పురుగు పట్టకుండా తల్లి ఎప్పటికప్పుడు తెచ్చి వేస్తుందట. ఒక పక్క లావుపాటి కొండ ఉడుత, సగం కూడా తినలేదు. ఇంకో పక్క కుందేలు కాళ్ళు. కూటికి కొదవ లేని గూడు. అయినా పెద్ద పిల్ల చిన్నదాని మెడ వెనక పొడుస్తోంది. కోపంగా కాదు. నేను పిండి పిసుక్కున్నట్టు, దాని పని అది చేసుకుంటున్నట్టు పొడుస్తోంది. చిన్నది తల దించుకుని గూటి అంచుకి జరిగితే, వెనకే వెళ్ళి మళ్ళీ పొడుస్తోంది. తెల్లటి నూగు ఊడి కింద ఎర్రటి చర్మం బయటపడింది. తల్లి పక్కనే ఉంది. పిల్లల మీద ఎండ పడకుండా రెక్క చాపి నీడ పట్టింది. చంపేదానికీ చచ్చేదానికీ కలిపి ఒకటే నీడ.

"తల్లి ఆపదేం?" అన్నాను.

తిలెక్ దుర్భిణి లాక్కున్నాడు. "ప్రతిదాంట్లో వేలు పెట్టడానికి అదేమన్నా మా అమ్మా? ఆ పెద్దది ఆడది, దాని పాదం చూడు ఎంతుందో. నాకదే కావాలి."

మామగారు తన చివరి గద్దను ఆ ఏడు మంచు కరిగేటప్పుడే కొండకి వదిలేశారు. ఏళ్ళ తరబడి వేటాడిన పక్షికి ఒక గొర్రెను కోసి పెట్టి సాగనంపడం మా పద్ధతి. ఆ తర్వాత మా గుమ్మం పక్క గద్ద వాలే కొయ్య ఖాళీ అయిపోయింది. గద్దలవాడి కొడుకువి, కనీసం కోడిపుంజునైనా చేతిమీద పెట్టుకు తిరగరాదా అని పొరుగు గుడారాలవాళ్ళు తిలెక్‌ని ఆటపట్టించేవాళ్ళు. అక్కడ నవ్వి, ఇంటికొచ్చి నా మీద విసుక్కునేవాడు. చలికాలానికి ముందు జరిగే గద్దల వేట పోటీల నాటికి సొంత గద్ద ఉండి తీరాలన్నాడు. పెరిగిన గద్దను వలవేసి పట్టాలంటే ఓపిక కావాలి, అదృష్టం కూడా కలిసిరావాలి. గూట్లోంచి తెచ్చుకోవడానికి తాడు ఉంటే చాలు.

మామగారికి గూటిపిల్లలంటే పడదు. వలలో పడ్డ పక్షికి మనిషి భయం ఉంటుంది, ఆ భయమే దానికి హద్దు అనేవారు. గూట్లోంచి తెచ్చినది మనల్నే తల్లీ తోబుట్టువులూ అనుకుంటుంది, దానికి హద్దంటూ ఏదీ ఉండదట. తెచ్చే తీరాలంటే రెండు పిల్లలున్న గూట్లోంచి ఒకటే తెచ్చుకో, తల్లికి ఒకటి మిగలాలి అన్నారు కొడుకుతో.

తోబుట్టువులు అన్న మాట నన్ను పట్టుకుంది. ఆ గూట్లో తోబుట్టువుకి ఏం జరుగుతోందో అప్పుడే చూసొచ్చాను. మా గూట్లో చిన్నది మెయిరా.

ఎండలు ముదిరాక మళ్ళీ వెళ్ళాం. తిలెక్ నడుముకి తాడు కట్టుకుని చరియ మీంచి దిగాడు. తాడు రెండో కొస గుర్రం జీనుకి కట్టి నేను నడిపిస్తున్నాను. గూట్లో ఒకటే పిల్ల ఉందని కిందినుంచి అరిచాడు. రెండోదాని పాదం మాత్రం కొమ్మల మధ్య ఇరుక్కుని ఉందట. అయితే వదిలేసి పైకి వచ్చెయ్యమన్నాను. తల్లి వచ్చే ఏడు మళ్ళీ పెడుతుంది, నువ్వు గుర్రాన్ని చూసుకో అని కసిరాడు. సంచిలో వేసుకుని పైకొచ్చాడు. తల్లి గద్ద మా తలల మీద తిరిగింది కానీ దిగి కొట్టలేదు. అది మనిషిని కొట్టదు. మేము లోయ దాటేదాకా పైన తిరుగుతూనే ఉంది. కాళ్ళలో తినడానికి తెచ్చిన ఉడుత ఒకటి వేలాడుతూనే ఉంది.

తల్లికి ఒకటి వదిలావా అని మామగారు అడిగారు. ఉన్నదే ఒకటి అని తిలెక్ నిజమే చెప్పాడు. ఆయన ముఖం చిట్లించి సంచి విప్పారు. పిల్ల పాదాన్ని తన అరచేతిలో పెట్టుకుని వెనక గోరు పొడవు చూశారు. ఆ గోరు చూశాక ఆయన ముఖంలో చిట్లింపు పోయింది. పట్టు తప్పిన ఆ చేత్తోనే దాని మెడ నిమిరారు. దానికి సులూ అని పేరు పెట్టింది కూడా ఆయనే.

మగవాళ్ళు పొద్దున్నే మందతో పోతారు. అత్తయ్య పాల పని చూసుకునేది. పక్షికి మేత పెట్టడం నా వాటాకి వచ్చింది. మాంసం చిన్న చిన్న ముక్కలుగా చీల్చి నోటికి అందించేదాన్ని, అచ్చం దాని తల్లి చేసినట్టే. నెల తిరిగేసరికి నా అడుగు చప్పుడు విన్నా చాలు, మెడ చాచి, రెక్కలు వణికించి ఒకటే కేకలు. కొండలో పెరిగిన గద్దపిల్ల వేట నేర్చాక ఆ కేక మానేస్తుంది. గూటిపిల్ల మానదు. మనిషి కనబడినంతకాలం దానికి ఆకలే.

సులూ గుడారంలో కొయ్యకి కట్టేసి ఉండేది. తాడు చిన్నదే. మెయిరా పాకడం మొదలెట్టింది. పిల్ల అటు పోయినప్పుడల్లా సులూ తన కింద మాంసం ఉన్నా లేకపోయినా రెండు రెక్కలూ గొడుగులా పరిచి, వీపు ఈకలు నిక్కబొడిచేది. ఒకసారి పిల్ల చెయ్యి కొయ్య దాకా వెళ్ళింది. సులూ రెక్కతో ఒక్క దెబ్బ కొట్టింది. మెయిరా వెనక్కి పడి, ఊపిరి పట్టేసి, పెదాలు నల్లబడ్డాక గానీ ఏడవలేదు.

ఆ సాయంత్రం కొయ్యను ఊడబెరికి గొర్రెల దొడ్డి దగ్గర పాతాను. తిలెక్ వచ్చి చూసి మళ్ళీ తెచ్చి లోపల పాతాడు. బయట ఉంటే కుక్కలకి బెదురుతుందన్నాడు. ఆకలేసి పొడిచేది కాదది, నిండు గూట్లోనే చెల్లెల్ని చంపింది, మనం చూశాం కదా అన్నాను.

"ఏడో క్లాసు దగ్గర ఆగిపోయినదానివి, గద్దలవాడి కొడుక్కి గద్ద పాఠం చెప్తున్నావా? పిల్లని పట్టుకోవడం చేతకాక పక్షి మీద పడ్డావు."

అత్తయ్య పాలు చిలుకుతూ అందుకుంది. "మీ అమ్మ నిన్ను ఉన్నిలో చుట్టి పెట్టెలో పెట్టి పెంచినట్టుంది కోడలా. నేను ఐదుగుర్ని కన్నాను. ఐదుగురూ గద్ద రెక్క కిందే పాకారు."

ఆ ఐదుగురిలో మిగిలింది ఇద్దరు. పోయినవాళ్ళు జ్వరాలకి పోయారు, గద్దకి కాదు. అయినా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రోజునుంచి మెయిరా నడుముకి ఒక గుడ్డ తాడు కట్టి, దాని రెండో కొస నా నడుముకి కట్టుకుని తిరిగాను. పొరుగు ఆడవాళ్ళు ఇంట్లో ఇప్పుడు రెండు కట్టేసిన పిట్టలున్నాయని నవ్వేవాళ్ళు.

మామగారొక్కరే నా మీద నవ్వలేదు. ఆయన నాకొకటి చూపించారు. గద్ద ఒక కన్నుతో పక్కగా చూస్తే ఊరికే చూస్తోందని అర్థం. తల తిప్పి రెండు కళ్ళతో నేరుగా చూస్తూ, తలను పైకీ కిందికీ ఆడిస్తే దూరం కొలుస్తోంది. కొలిచిందంటే లేవడమే తరవాయి. అప్పుడు నీ చూపు దానికి అడ్డం పెట్టు, చెయ్యి కాదు అన్నారు.

ఆకులు పండుబారి రాలే వేళకి శీతాకాలపు ఇంటికి దిగాం. సులూ రెక్కలు విప్పితే తిలెక్ చాచిన చేతులకంటే వెడల్పు. దానికి కళ్ళు మూసే తోలు టోపీ తొడిగి చదువు మొదలెట్టారు. ముందు నిద్ర చెడగొట్టాలి. దూలానికి వేలాడే తాడు మీద కూర్చోబెట్టి, ఆ తాడు ఊపుతూనే ఉండాలి. పడిపోకుండా పట్టుకోవడమే దాని పని, కన్ను మూయడానికి వీల్లేదు. ఇంట్లోవాళ్ళం వంతులు వేసుకున్నాం. ఒక చేత్తో మెయిరాకి పాలిస్తూ, ఇంకో చేత్తో తాడు లాగేదాన్ని. ఒకటి నిద్రపోవాలి, ఒకటి పోకూడదు. నాలుగో నాటికి సులూ తల వాల్చేసి తిలెక్ చేతికి లొంగింది.

తర్వాత ఆకలి. మాంసాన్ని నీళ్ళలో పిసికి పిసికి రక్తమంతా పోగొడితే తెల్లటి పీచు మిగులుతుంది. దాన్ని తిన్నా పొట్ట నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. ఆ కడిగే పని కూడా నాదే. తిలెక్ ప్రతి సాయంత్రం దాని రొమ్ము ఎముక తడిమేవాడు. ఎముక కత్తి వాదరలా తగిలితే వేటకి సిద్ధమన్నమాట. లావుగా ఉన్న గద్ద నక్కని చూసినా పట్టించుకోదు, కడుపు నిండినది ఎగిరిపోతుంది కూడా. పోటీలు దగ్గరపడే కొద్దీ అతను ఆ తెల్లపీచు కూడా తగ్గించాడు.

చివరి చదువు ఎర. నక్కతోలులో గడ్డి కూరి, దాని కాళ్ళకి పచ్చి పేగో ఊపిరితిత్తో కట్టి, నేలమీద తాడుతో లాగుతారు. తూలుతూ పడుతూ పోతుంది ఆ తోలు. పై బండ మీదనుంచి తిలెక్ టోపీ తీసి వదిలితే సులూ రెక్క ఆడించకుండా జారుతూ వచ్చి, ఒక కాలితో నడుముని, ఒక కాలితో మూతిని పట్టేది. మొదటిరోజే పట్టింది. మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అదే వారం మెయిరా గోడ పట్టుకోవడం మానేసి సొంతంగా అడుగు వేసింది. మావాళ్ళలో పిల్ల మొదటి అడుగులు వేస్తే కాళ్ళకి కట్టు కట్టి, అందరి ముందూ ఆ కట్టు కోయించాలి. అప్పుడే నడక సాఫీగా సాగుతుంది. పోటీలకి ముందురోజున పెట్టుకున్నారు. తిలెక్ అక్క శార్బాన్ కట్టు కొయ్యాలని నిర్ణయం. ఆవిడ నడకలో చురుకు, మాటలో ఇంకా చురుకు. కోసినవాళ్ళ నడకే పిల్లకి వస్తుందంటారు.

ఆ రోజు గద్దను లోపల పెట్టి తలుపెయ్యమని తిలెక్‌ని అడిగాను. లేదా కడుపునిండా మేపి కూర్చోబెట్టమన్నాను. మేపితే రేపు ఎవడెగురుతాడు, నువ్వా అన్నాడు. పైగా పక్షి అక్కడ ఉండి తీరాలంది అత్తయ్య. మెయిరాని కనేటప్పుడు నాకు నొప్పులు ఆగిపోతే, మామగారు పాత గద్దను తెచ్చి టోపీ తీసి నా ఎదురుగా కూర్చోబెట్టారు. దాని కళ్ళు చూస్తే బాలింతల గుండె పట్టుకుపోయే అల్బస్తీ దయ్యం పారిపోతుంది. అప్పుడు పారిపోయింది కూడా, లేకపోతే నేను లేను. మంచిపని జరిగేచోట గద్ద ఉండాలి, దాని కళ్ళు తెరిచి ఉండాలి. టోపీ తొడిగిన గద్దకి, గోడకి తగిలించిన సంచికి తేడా ఏముంది అని అడిగింది అత్తయ్య.

కట్టుకి నలుపూ తెలుపూ కలిపి పేనిన దారం నేను సిద్ధం చేసుకున్నాను. శార్బాన్ వదిన దాన్ని చూసి నవ్వింది. "ఇదేంటి మరదలా, మేకకి కడతావా? ఈ ఇంటి పిల్లలకి కొవ్వు పట్టిన గొర్రెపేగే కడతాం. కొవ్వులో నడిచిన పిల్ల కొవ్వులోనే బతుకుతుంది."

ఉదయమే కోసిన గొర్రె పేగు, ఇంకా వెచ్చగా ఉంది. అత్తయ్య పిల్లకోసం నక్కతోలు కోటు కుట్టింది. ఎర్రటి నక్క, మెడచుట్టూ తోక. చుట్టుపక్కల ఇళ్ళన్నీ వచ్చాయి. పులిసిన గుర్రప్పాలు, వేయించిన బౌర్సాకు రొట్టెలు, పెద్ద పళ్ళెంలో గొర్రె తల. ఇంటిముందు గడ్డిమీద తెల్లటి ఉన్నికంబళి పరిచారు. మెయిరాని ఒక చివర నిలబెట్టి కోటు తొడిగారు. రెండు చీలమండలకీ పేగు చుట్టి ముడి వేశారు. కంబళి రెండో చివర, జనానికి కొంచెం ఎడంగా, తిలెక్ మోకాలి మీద కూర్చుని చేతి మీద సులూని పట్టుకున్నాడు. నేను పిల్ల వెనకాల ఉన్నాను, భుజాలు పట్టుకుని.

మామగారు అక్కడే ఉన్నారు. గద్దలు తెలిసినవాళ్ళు ఇంకో నలుగురు ఉన్నారు. ఎవరికీ కనపడలేదు. నాకూ కనపడలేదు. నేను కూడా సులూ వైపే చూస్తున్నాను గానీ, సులూకి ఏం కనిపిస్తోందో చూడలేదు. ఆకలి మీదున్న గద్దకి ఎరను ఎలా ముస్తాబు చేసి చూపిస్తామో, పిల్లను అలాగే ముస్తాబు చేసి దాని ఎదుట నిలబెట్టాం.

శార్బాన్ వదిన కత్తితో రెండు కాళ్ళ మధ్య పేగుని కోసింది. అందరూ దీవెనగా అరచేతులు ముఖానికి అద్దుకున్నారు. తిలెక్ సులూ టోపీ తీశాడు. వదిన పిల్ల చెయ్యి పట్టుకుని రెండడుగులు నడిపించి, ఇక నువ్వే పో అని వదిలేసింది. మెయిరా తూలింది, నిలబడింది, నవ్వింది. ఒక కాలికి పేగు ముక్క ఈడుస్తూ తండ్రి వైపు నడిచింది.

సులూ రెండు కళ్ళతో చూస్తోంది. తల పైకి వెళ్ళి కిందికి వచ్చింది.

నేను ముందుకి దూకాను. కానీ దానికి ఎగరాల్సినంత దూరం కూడా లేదు. దాని కాళ్ళకి కట్టిన తోలుపట్టీ తిలెక్ చేతి తొడుగుకి వదులుగా చుట్టి ఉంది, జారిపోయింది. పిల్ల పడింది. గద్ద కాలు ఒకటి కోటు మీద భుజం దగ్గర, ఇంకోటి పేగున్న కాలి పిక్కలో. నాలుగు గోళ్ళూ లోపలికి పోయాయి. రెండు రెక్కలూ పరిచి పిల్లని కప్పేసింది. నా బిడ్డ నాకు కనపడలేదు, అరుపు వినపడింది అంతే.

అందరూ మీద పడ్డారు. ఎవరో రెక్క పట్టి లాగారు, ఎవరో పిల్లని లాగారు. గద్ద పట్టు మామూలు పట్టు కాదు. వేట కొట్టుకునేకొద్దీ బిగుస్తుంది. బిగించడానికి దానికి బలం అక్కర్లేదు, వదలడానికే కావాలి. లాగినవాళ్ళందరూ ఆ గోళ్ళను మెయిరా కాల్లో ఇంకాస్త లోపలికి దింపారు. "చేతులు తియ్యండి," అని అరిచాను. తీశారు. రెక్క కిందికి దూరి, బిడ్డ మీద పడుకుని, నా బరువుతో కదలకుండా అదిమాను. అరవకుండా నోటి మీద చెయ్యి పెట్టాను. అరిస్తే దానికి ఇంకా బతికుందని తెలుస్తుంది. కన్నబిడ్డ నోరు మూసి, చచ్చినదానిలా పడుకోబెట్టాను. నా వేళ్ళని కొరికింది. కొరకనిచ్చాను.

తిలెక్ గొర్రె ఊపిరితిత్తి తెచ్చి సులూ ముక్కు ముందు పెట్టాడు. వేటగాళ్ళ పద్ధతి అదే. పెద్ద ముక్క చూపిస్తే నక్కని వదిలి దాని మీదకి అడుగేస్తుంది. "రా తల్లీ, రా సులూ," అంటున్నాడు మెత్తగా. ఆ గొంతు నాతో ఎప్పుడూ వాడలేదు. భుజం మీది కాలు వదిలింది. పిక్కలోది వదల్లేదు. ఊపిరితిత్తిని ఒక ముక్క పీకి మింగింది. ఇంకో ముక్క పీకింది. పిల్ల మీద కూర్చునే తింటోంది.

"వదుల్తుంది, ఆగు. తొందర పెట్టకు. తినేసి వదుల్తుంది," అన్నాడు.

నా అరచేతి కింద పిల్ల ఊపిరి సన్నబడింది. శార్బాన్ వదిన చేతిలో కత్తి ఉంది. తీసుకున్నాను. పాదానికి కాస్త పైన, వెనకవైపు, గోళ్ళని బిగించే నరం ఉంటుంది. కోడిని కోసిన ఎవరికైనా తెలుసు, ఆ నరం లాగితే గోళ్ళు మూసుకుంటాయి. తిలెక్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"కానిపా, కాలు కోస్తే అది చచ్చినట్టే."

"చావనీ."

"దానికేం తెలుసు? మనం నేర్పిందే కదా చేసింది."

చెయ్యి విదిలించుకుని కోశాను. వాదర ఎముకకి తగిలేదాకా కోశాను. గోళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. సులూ ఎగిరి ఇంటికప్పు మీద పడింది. కేక పెట్టలేదు. ఒక కాలి మీద నిలబడి, కిందికి చూస్తూ, గొంతులో ఉన్న ముక్క మింగింది.

జిల్లా ఊరి ఆసుపత్రికి జీపులో తీసుకెళ్ళాం. కండ చీలింది, ఎముక బాగానే ఉంది, నడక సంగతి పెరిగాక గానీ చెప్పలేమన్నారు డాక్టరమ్మ. కుట్లు వేసేటప్పుడు పిల్ల ఏడవలేదు. నా చెయ్యి ముఖం దగ్గరికి వస్తే మాత్రం ఏడ్చింది.

మేము తిరిగొచ్చేసరికి తిలెక్ సులూని కొండమీద వదిలి వచ్చేశాడు. పద్ధతి ప్రకారం గొర్రెను కోసి పెట్టాడట. ఒక కాలి గద్ద వేట పట్టలేదు. అది అతనికీ తెలుసు, మామగారికీ తెలుసు. అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. ఇంటికి పట్టిన అదృష్టం కాలు నరికిన కోడలు అని పాలు తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళతో అనేది, నాకు వినపడేంత దగ్గర్లో.

గొర్రె అయిపోయాక సులూ వచ్చేసింది. ఇంకెక్కడికి పోతుంది? దానికి తెలిసిన గూడు మాదే. దొడ్డి గోడ మీద వాలి, తెగిన కాలు పొట్ట కిందికి లాక్కుని, కేకలు మొదలెట్టింది. తిలెక్ బయటికొస్తే పట్టించుకునేది కాదు. మామగారిని చూసినా అంతే. నేను బూడిద పారబోయడానికి తలుపు తీస్తే చాలు, గోడ దిగి, ఒంటికాలి మీద గెంతుతూ, రెక్కలు వణికిస్తూ, నోరు తెరుచుకుని నా వెనకే. చిన్నప్పుడు మాంసం చీల్చి పెట్టింది నేనే కదా. కేక వినపడినప్పుడల్లా నాకు పాలు దిగి గౌను తడిసిపోయేది. మెయిరా నిద్రపోతున్నా సరే, దిగేవి.

కాల్చెయ్యండి అన్నాను. గద్దను కాల్చిన ఇల్లు వెలగదని మామగారన్నారు. అయితే తరమండి అన్నాను. తరిమితే పోలేదు. ఇక తిలెక్ కూర్చుని నచ్చజెప్పబోయాడు. వీపు నాకేసి పెట్టి, నేలకేసి చూస్తూ మాట్లాడాడు. రోజూ కొంచెం మాంసం, దొడ్డి అవతల. పిల్ల దగ్గరికి రానివ్వను. కట్టేసి ఉంచుతాను.

"కట్టేసే ఉంచావు," అన్నాను. "ఒక్క ముక్క పెట్టావంటే పిల్లనెత్తుకుని పుట్టింటికి పోతా. మళ్ళీ రాను. ఎవరిని మేపుకుంటావో నువ్వే చూసుకో."

మామగారు తల ఎత్తి నన్ను చూశారు.

మొదటి మంచు పడింది. సులూ గోడ ఎక్కడం మానేసి గోడ మొదట్లో కూర్చునేది. కేక సన్నబడింది, తర్వాత రోజుకి రెండు మూడుసార్లే. కుక్కలు ముందు దూరం నుంచి చూశాయి, తర్వాత దగ్గరగా పడుకున్నాయి, కాచుకుని. బూడిద తీసుకెళ్ళినప్పుడు నేను దాని పక్కనుంచే వెళ్ళేదాన్ని. దారి మార్చలేదు. రొమ్ము ఎముక ఈకల్లోంచే కనపడుతోంది. మెయిరా ఇంట్లో కుట్లు పడ్డ కాలు ఈడుస్తూ గోడ పట్టుకుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటోంది. పడినప్పుడల్లా తలుపు వైపు చూసేది.

ఒక పొద్దున తలుపు తీసి వెనక్కి తిరిగితే తిలెక్ గడప లోపల నిలబడి ఉన్నాడు. చేతిలో గిన్నె, గిన్నెలో గొర్రె మాంసం, రక్తంతో సహా. దొడ్డి దగ్గర సులూ మంచులో పక్కకి ఒరిగి ఉంది. మమ్మల్ని చూసి నోరు తెరిచింది. చప్పుడు రాలేదు. మళ్ళీ తెరిచింది.

"ఇవాళో రేపో, అంతే," అన్నాడు. "ఇప్పుడు పెడితే ఏమవుతుంది? లేవలేదు కూడా."

"లేవలేకపోతే ఎందుకు పెట్టడం?"

అతను కదల్లేదు. గడప దాటడానికి నా పక్కనుంచి వెళ్ళాలి. నా చంకలో మెయిరా ఉంది. అతను పిల్ల కాలిని చూశాడు, మంచులోకి చూశాడు, మళ్ళీ కాలిని చూశాడు. చలిగాలి లోపలికి వస్తోంది.

"తలుపెయ్యి," అన్నాను. "పిల్లకి చలి."

వేశాడు. అతని చేతిలోంచి గిన్నె తీసుకున్నాను. మాంసంలో ఉప్పు వేసి, ఉల్లిపాయ కోసి, పొయ్యి మీద పెట్టాను. ఉడికేదాకా బయట కుక్కలు మొరగలేదు. ఉడికాక మొరిగాయి, కొట్లాడుకున్నాయి, మళ్ళీ నిశ్శబ్దం. తిలెక్ లేవబోతే మామగారు అతని మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. నేను పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టాను. ముందు పెద్దవాళ్ళకి, తర్వాత భర్తకి, తర్వాత పిల్లకి చిన్న చిన్న ముక్కలుగా చీల్చి పెట్టాను. అందరూ తిన్నారు.